వంకర కత్తెర

కోరమండల్,
శనివారం.

చిరంజీవి జగదీష్‌ను దీవించి పెద్దక్క రాస్తున్నది.

నువ్వూ నయనా పిల్లలూ పూణేలో చల్లగా ఉండాలని రోజూ దీపం దగ్గర అడుగుతూనే ఉన్నాను. ఆ వెంటనే, ఇక్కడ మేమందరం క్షేమం అని రాయడం మన నాన్న పద్ధతి. ఈసారి ఆ వాక్యానికి చెయ్యి రాలేదు. జాబంతా చదివి, క్షేమమో కాదో నువ్వే అనుకో.

ఫోనుండగా జాబేమిటంటావు. ఫోన్లో నువ్వు చెప్తావు, నేను వింటాను. "సరే అక్కా, ఒక పని చెయ్యి" అని నువ్వు మొదలుపెట్టేలోపల నేను ఏ సంగతీ ముగించలేకపోయాను ఇంతవరకూ. కాగితం మధ్యలో అడ్డం రాదు.

రెండు వారాల కిందటి శుక్రవారం పొద్దున సంగతి ముందు రాస్తాను. మామూలు పొద్దే. బెంగళూరు రైలు కూతకు ముందే లేచాను. కుళాయి వంతు మనది కాబట్టి డ్రమ్ములు నింపి, గడప కడిగి ముగ్గు వేశాను. గాలి లేదు. బంగారు మైన్ వాళ్ళు పోసిపోయిన సైనైడ్ దిబ్బ మీది దుమ్ము రాలేదు, ముగ్గు తెల్లగా నిలిచింది. దీపం పెట్టి నామం చెప్పుకుంటుంటే నీ తమ్ముడు లోకేశ్ వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. బెంగళూరు కంపెనీ వాళ్ళు వాణ్ణి ఇంటికి పంపి నెలలు గడిచినా ఆ రైలు టైముకే వాడికి మెలకువ వస్తుంది. కూత వినబడగానే లేచి నిలబడతాడు. మళ్ళీ కూర్చుంటాడు. నేను చూడనట్టు ఉంటాను.

అమ్మ మంచం మీద కూర్చొని అనపకాయలు ఒలిచి గింజలు తీస్తోంది. లోకేశ్ పెళ్ళాం పవిత్ర ఉప్మా పెట్టి ఇచ్చింది. వాడు స్పూను కుడిచేత్తో పట్టుకున్నాడు. ప్రెస్సు మిషను కింద చూపుడువేలు, నడిమివేలు పోయాక ఆ చేతికి పట్టు లేదు. స్పూను తిరిగిపోయి ఉప్మా లుంగీ మీద పడింది.

"స్పూనెందుకురా, ఆస్పత్రిలో మాదిరి?" అంది అమ్మ.

"అత్తా, స్పూను కుడిచేతిలోనే ఉండాది. అది చూసుకొని సంతోషపడు," అంది పవిత్ర వంటింట్లోంచి.

"నీ నోటికి మాత్రం ఎడమా లేదు, కుడీ లేదమ్మే. రెండు పక్కలా పనిచేస్తాది."

లోకేశ్ నవ్వాడు. చాలా రోజులకు నవ్వాడు. అమ్మ కూడా నవ్వింది. ఆ పొద్దున షెడ్డులో లోకేశ్ వర్క్‌షాపు పని మొదలుపెట్టాలని మంచి గడియ చూసి పెట్టింది అమ్మే.

ఆ తరువాత జరిగింది కొంచెం ఆగి రాస్తాను. నువ్వు పవిత్ర ఫోనుకు పంపిన ప్రశ్నలకు ముందు జవాబు చెప్పాలి.

'నేను కొత్త మిషన్లు పంపిస్తానంటుంటే ఆ పాత ఇనుము ఎందుకు కొన్నారు?' అని అడిగావు.

కొత్తవే చూశామప్పా ముందు. రాబర్ట్‌సన్‌పేట బజారుకు లోకేశ్ నన్ను రమ్మన్నాడు. "నువ్వు రా అక్కా, నువ్వు ఎక్కువ మాట్లాడవు," అన్నాడు. షెడ్డు నీది. నీ కారు కోసం వేయించుకున్న షెడ్డును వాడికి ఇచ్చావు, అది నేను మరచిపోను. అందులో చిన్న వర్క్‌షాపు పెట్టుకోవాలి, టమోటా తోటలవాళ్ళ స్ప్రేయర్లు బాగుచేయాలి, రేకు డబ్బాలు చేయాలి, మళ్ళీ నలుగురిలో పనివాడు అనిపించుకోవాలి. వాడికి మిగిలిన ఆశ అదొక్కటే. అందుకని వెళ్ళాను.

మంచి షాపే. అన్నీ ప్లాస్టిక్ కవర్లలో మెరుస్తున్నాయి. వాడు ఒక్కొక్కటి తీసుకోవడం, పిడికిలి మూయడం, తెరవడం, కింద పెట్టడం. ఏ కంపెనీదని అడగలేదు, గట్టిదా అని అడగలేదు. తన చేతిలో నిలుస్తుందా లేదా, అంతే. డ్రిల్లు మిషను కూడా అలాగే తీసుకున్నాడు. షాపాయన పాపం చేతిని చూడలేదు, మిషన్నే చూస్తున్నాడు.

"అట్ల కాదు సార్. చూపుడువేలు ఇక్కడ పెట్టి నొక్కాల."

"వేలు తేలేదప్పా, ఇంట్లో పెట్టి మరిచిపోయి వచ్చినా," అన్నాడు లోకేశ్.

ఆయన నవ్వబోయి, చెయ్యి చూసి, మిషను వెనక్కి తీసుకున్నాడు. మేము బయటికి వచ్చేశాం.

మార్కెట్టు వెనక సీనప్ప పాత ఇనుప కొట్టు నీకు తెలుసు. మైన్ మూసినప్పుడు వేలంలో లాట్లుగా కొన్న సామాను ఆయన దగ్గర ఇంకా ఉంది. లోకేశ్ నేల మీద గొంతుకూర్చొని ఆ కుప్పలో వెతికాడు. ఇనుమును బిగించి పట్టే వైసు తీశాడు, రెండు సుత్తులు, ఆకురాళ్ళు, రంపం. అన్నీ బరువు చూసి, పిడి చూసి. తరువాత అడుగునుంచి ఒక రేకు కత్తెర లాగాడు.

"అది తియ్యొద్దప్పా," అన్నాడు సీనప్ప. "అది వంకర కత్తెర. కోయదు. యాడ చేసినారో ఏమో, పుట్టుకలోనే తప్పు. ఎవురు తీసుకుపోయినా మర్నాడు తెచ్చి నా మొగాన కొడతారు."

"ఒక రేకుముక్క ఇయ్యి సీనప్పా."

కుడిచేత్తో పట్టి చూశాడు. కోయలేదు, నమిలింది. ఎడమచేతికి మార్చుకున్నాడు. తమలపాకు కోసినట్టు కోసింది.

సీనప్ప గుమ్మంలోంచి లేచి వచ్చాడు. "అరే! ఇది ఎడమచేతి కత్తెరనా? ఇన్నేండ్లు నా అంగట్లో ఎంతమందితో తిట్లు తినింది పాపం! తీసుకుపోప్పా, దీనికి నాకేమీ ఇయ్యొద్దు. ఇంగ దాని మొగం నేను చూడలేను."

రవికెలు కుడుతూ ఇంత వయసొచ్చింది నాకు. కత్తెరను ఎడమచేత పడితే గుడ్డ తెగదు, నలుగుతుందని తెలుసు. ఎడమచేతి కోసమే చేసిన కత్తెర ఒకటి ఉంటుందని ఆ రోజే చూశాను.

ఆటోలో వాడు దాన్ని ఒడిలో పెట్టుకొని కూర్చున్నాడు. చాలా దూరం వచ్చాక అన్నాడు, "అక్కా, నా ఎడమచెయ్యి గుర్తుందా నీకు?"

గుర్తుంది. నీకూ గుర్తుండాలి జగదీష్, నువ్వు అప్పటికే బడికి పోతున్నావు. వాడు పుట్టుకతో ఎడమచేతివాడు. బంతి అయినా బలపమైనా ఎడమచెయ్యే ముందుకు వచ్చేది. నాన్న మైన్‌లో డ్రిల్లు పట్టిన మనిషి. కింద ఇరుకులో ఇద్దరు పక్కపక్కన పని చేయాలి, ఎడమచేతివాడి మోచెయ్యి పక్కవాడికి తగులుతుంది, వాడి పక్కన ఎవడూ నిలబడడు, వాణ్ణి మైన్‌లోకి దించరు. ఇది నాన్న నమ్మకం. అందుకని అమ్మ రవికెగుడ్డ చింపి ఆ ఎడమచేతిని వాడి మొలతాడుకు కట్టేసేది. అన్నం తిన్నంతసేపు, పలక రాసినంతసేపు. వాడు ఏడ్చి ఏడ్చి కుడిచెయ్యి నేర్చుకున్నాడు. వాడికి మైన్‌లో చేరే వయసు వచ్చేసరికి మైనే మూతపడింది. ఏ మైన్ కోసం చెయ్యి మార్చామో ఆ మైన్ లేదు, మార్చిన చెయ్యి మాత్రం మిగిలింది. ఇప్పుడు అందులోనూ సగం లేదు.

'ఫోటోలో వైసు బల్లకు ఎడమ చివర ఉంది, ఫోటో తిరగబడిందా?' అని అడిగావు. ఫోటో సరిగ్గానే ఉంది. వైసు ఎడమ చివరనే ఉంది. షెడ్డులోకి పోయే వంటింటి తలుపు దగ్గరికి వేసుకొని, వాడు రోజూ ఎడమచేత్తో రంపం పట్టడం, సుత్తి కొట్టడం నేర్చుకుంటూ వచ్చాడు. నేర్చుకోవడం అనకూడదు. మరచిపోయినదాన్ని గుర్తు చేసుకున్నాడు. పవిత్రకు తెలుసు, నాకు తెలుసు. అమ్మకు చప్పుడు మాత్రం తెలుసు.

అప్పుడే నీ పార్సిల్ వచ్చింది. కరెంటు చక్రంతో రేకు కోసే మిషను, పెద్దది, మంచిది. ఆ సాయంత్రం నువ్వు అమ్మతో ఫోన్లో మాట్లాడావు. స్పీకరు పెట్టి ఉంది, అందరం విన్నాం. వాణ్ణి కుడిచేత్తోనే చేయమను, వాడకపోతే ఆ చెయ్యి చచ్చుబడిపోతుంది, నాలుగు రోజులు కష్టపడితే అలవాటైపోతుంది, డాక్టర్లు అదే అంటారు అని చెప్పావు. ఏ డాక్టరో చెప్పలేదు. అమ్మ మొహం వెలిగిపోయింది. అంతవరకు ఒక్కతే మోస్తున్న మాటను పెద్దకొడుకు కూడా మోశాడు గదా.

ఇక నీ చివరి ప్రశ్న. 'బండి మీద నుంచి పడినాడన్నారు, ఎడమచేతి గాయం ఎట్లుంది?'

జగదీష్, వాడు బండి మీద నుంచి పడలేదు.

ఆ మాట నీకు ఫోన్లో చెప్పింది నేనే. చెప్పేటప్పుడు నా చేతిలో జపమాల ఉంది. ఆ రోజు నుంచి దాన్ని గూట్లో పెట్టాను. ఈ జాబు పోస్టు డబ్బాలో వేసినాక మళ్ళీ తీసుకుంటాను.

ఆ శుక్రవారం ఉప్మా తినడం అయినాక అందరం షెడ్డులోకి పోయాం. అమ్మ వైసుకు పసుపు కుంకుమ పెట్టింది, సుత్తులకు పెట్టింది, నీ మిషనుకు పూలు కూడా పెట్టింది. నేను హారతి పళ్ళెం పట్టుకొని నిలబడ్డాను. లోకేశ్ ఒక రేకు సిద్ధం చేసుకొని, ఆ కత్తెర చేతిలోకి తీసుకున్నాడు. ఎడమచేతిలోకి.

"అదేందిరా?" అంది అమ్మ. "కొత్తది అన్న పంపించింటే పాతదాన్ని పట్టుకుంటావా? అదీ ఆ చేత్తోనా?"

"దీనితో అయితే నాకు బాగా వస్తా ఉండాదమ్మా."

"మొదటి పని కుడిచేత్తో చెయ్యి నాయనా. కొత్త ఇంట్లో ఎడమకాలు ఎవురైనా పెడతారా? ఒక్క గీత కుడిచేత్తో కోయి. ఆమీద నీ ఇష్టం."

"మిషను నిలవదమ్మా నా చేతిలో."

"నిలుస్తాది. అన్న చెప్పినాడు గదా."

వాడు నా వైపు చూశాడు, పవిత్ర వైపు చూశాడు. "బిడు, పోనీలే, ఒక్క గీతే గదా," అన్నాడు. అమ్మ నవ్వు పోగొట్టడం వాడికి ఇష్టం లేకపోయింది. కత్తెర కింద పెట్టి నీ మిషను తీసుకున్నాడు. కుడిచేత్తో మిషను, ఎడమచేత్తో ముందున్న పిడి. మిషనుది తప్పు లేదు, రెండు నిండు చేతులున్నవాడికి అది చాలా మంచి మిషను. రేకు తగలగానే ఎగిరింది. కుడిచేతిలో మిగిలిన వేళ్ళు దాన్ని ఆపలేకపోయాయి. చక్రం వచ్చి ఎడమచేతి మణికట్టు పైన తగిలింది.

రక్తం గురించి రాయను. పవిత్ర తన కొంగు చుట్టి ఆటోలో ఎక్కించింది. దారంతా ఆ చేతిని పైకెత్తి బిగించి పట్టుకుంది. డాక్టరు కుట్లు వేసి చెప్పాడు, గాయం బొటనవేలి నరం పక్కనుంచి పోయింది, తెగి ఉంటే ఆ వేలు ఇక వంగేది కాదని. ఉన్న ఒక్క చెయ్యీ పోకుండా ఎవరి పుణ్యమో అడ్డం పడింది.

ఇంటికి వచ్చేసరికి అమ్మ గడపలో ఉంది. నన్ను పక్కకు పిలిచింది. "జగదీష్‌కు చెప్పొద్దు. పంపించినోడు, మనసు కష్టపెట్టుకుంటాడు. బండి మీద నుంచి పడినాడని చెప్పు," అంది. చెప్పాను. నీ మనసు గురించి అమ్మ ఆలోచించింది. అలా ఆలోచించడం తప్పని అనను.

తరువాతి రోజులు రెండు చేతులూ లేనివాడై కూర్చున్నాడు. పవిత్ర అన్నం కలిపి ముద్దలు పెట్టేది. అమ్మ మంచం మీద నుంచి చూసేది. వచ్చినవాళ్ళతో, "ఎడమచేత్తో కత్తెర ముట్టినాడు, అందుకే అయింది ఇట్ల," అని చెప్పుకునేది. మొదటిసారి విన్నప్పుడు లోకేశ్ తల వంచుకున్నాడు. తరువాత విన్నప్పుడు కూడా వంచుకున్నాడు.

నిన్న కుట్లు విప్పారు. బొటనవేలు బాగా వంగుతోంది. సాయంత్రం దీపం పెట్టినాక నలుగురం వంటింట్లో కూర్చున్నాం. పక్కింటామె పరామర్శకు వచ్చి పోయింది. ఆమె గడప దాటిందో లేదో, అమ్మ మళ్ళీ అదే మాట అంది. ఈసారి లోకేశ్ తల వంచుకోలేదు.

"అమ్మా, నేను యా చేత్తో పుట్టినానో ఆ చెయ్యి ఇది," అన్నాడు, ఎడమచెయ్యి చూపించి. "ఆ కుడిచెయ్యి నువ్వు నేర్పింది. నువ్వు నేర్పింది పోయింది. ఇదొకటి ఉండాది. దీన్ని గూడా కట్టేస్తావా?"

వాడి గొంతు పెద్దది కాలేదు. అదే నాకు కష్టమనిపించింది.

అమ్మ ఒలుస్తున్న అనపకాయ చేతిలోనే ఉంది. "కట్టింది నేనే," అంది. "ఆ పొద్దు ఏడ్చింది నువ్వొక్కడివే అనుకొన్నావా? మీ నాయన మాట విని కట్టినా. నా కొడుకు నలుగురి పక్కన నిలబడాలని కట్టినా. అది తప్పని ఇప్పుడు నా నోట చెప్పించొద్దు లోకేశా. ఆ మాట నేనంటే నీ వేళ్ళు నా లెక్కలో పడతాయి. ఈ వయసులో నేను మోయలేను."

పొయ్యి మీద పాలు పొంగాయి, పవిత్ర లేచి దించింది.

"నా కండ్ల ముందర ఆ చేత్తో పని చెయ్యొద్దు," అంది అమ్మ. "నేను పోయినాక చేసుకో."

"అంతవరకు నేనేం తినాలమ్మా?"

నాకు తోచింది నేను అడిగాను. "అమ్మా, కండ్లకు కనబడకుంటే చాలా నీకు?"

అమ్మ తల ఊపింది. "ఆ తలుపు మూసేయండి. చప్పుడు వింటా. చూడను."

ఇదీ నిన్న సాయంత్రం మేము తీర్మానం చేసుకున్నది. నీతో ఫోన్లో అడగకుండా చేసుకున్నాం. అడిగితే నువ్వు ఇద్దరికీ సర్దిచెప్పేవాడివి, ఇద్దరూ నీ మాట మీద ఒప్పుకునేవాళ్ళు, పొద్దునకు మళ్ళీ ఆ మిషను లోకేశ్ చేతిలోకి వచ్చేది.

వంటింట్లోంచి షెడ్డుకు పోయే తలుపు మూసేస్తారు, పైనుంచి రేకు కొట్టేస్తారు. లోకేశ్ వీధి వైపు నుంచి పనికి పోతాడు, వీధి వైపు నుంచి ఇంటికి వస్తాడు. "అయితే కాఫీ నేను వీధంతా తిరిగి తీసుకుపోవాలనా?" అని పవిత్ర అడిగింది. "తిరుగు. నీకు గూడా నాలుగు ఇండ్ల కతలు తెలుస్తాయి," అన్నాడు లోకేశ్. అమ్మ వాళ్ళిద్దరి వైపూ చూడలేదు. నీ మిషనును తుడిచి డబ్బాలో పెట్టాం, నువ్వు వచ్చినప్పుడు తీసుకుపో. నీ కారు ఇక వీధిలోనే నిలుస్తుంది.

రేకు కోసేది, కొట్టేది లోకేశే. బయట మనిషిని పిలుద్దామన్నాను, వాడు వద్దన్నాడు. "నా వర్క్‌షాపులో మొదటి పని అక్కా, వేరేవాడు చేస్తే ఎట్ల?" అన్నాడు. సోమవారం పొద్దున, ఆ వంకర కత్తెరతో, ఎడమచేత్తో.

అమ్మ ఒప్పుకుంది. పడుకోబోయే ముందు నన్ను పిలిచి ఒక్కటే అడిగింది. ఆ రేకు కొట్టేసేటప్పుడు తనను బంగారు తిరుపతి గుడికి తీసుకుపొమ్మంది. చప్పుడు వినబడనంత దూరం ఉండాలంది.

సరేనన్నాను.

ఇట్లు,
నీ పెద్దక్క
విశాల